కబురు ఎవరు మోసుకెళ్ళాలి

1968 కార్తీకమాసం. కళింగపట్నానికి దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను హెల్త్ విజిటర్‌గా చేరి అప్పటికి నాలుగేళ్ళు. హెల్త్ విజిటర్ అంటే ఆసుపత్రిలో కూర్చునే నర్సు కాదు. ఊళ్ళు తిరిగి గర్భిణులనూ బాలింతలనూ చూడాలి, మంత్రసానులకు శుభ్రం నేర్పాలి, టీకాలు వేయించాలి. వీటికి తోడు నాకు ఇంకో పని ఉండేది. అది ఏ ఉత్తర్వులోనూ లేదు. కొన్ని దేశాల్లో ఇప్పుడు కొట్లాట లేని చోటికి పోలీసుల బదులు శిక్షణ పొందిన మామూలు మనుషుల్ని పంపుతున్నారని ఈ మధ్య చదివాను. ఆ పని మేం అప్పట్లోనే, దానికొక పేరుందని తెలియకుండా చేశాం. కొంతవరకే చేశాం.

ఏర్పాటు ఇలా మొదలైంది. అంతకు ముందు ఏడాది మా డాక్టరు గారు నన్ను విశాఖపట్నం మానసిక వైద్యశాలకు మూడు నెలల ట్రైనింగుకి పంపారు. వెళ్ళి వచ్చాక ఆయన స్టేషనుకు వెళ్ళి ఎస్సై గారితో మాట్లాడారు. ఎవరైనా ఇంటి తలుపు వేసుకుని తీయకపోయినా, మతి చెదిరి రోడ్డున తిరుగుతున్నా, చస్తానని బావి గట్టున కూర్చున్నా, చేతిలో ఆయుధం లేకపోతే, ఎవరి ఒంటి మీదా దెబ్బ పడకపోతే, ముందు మా మనిషి వెళ్ళాలి. పోలీసు కంటికి కనపడని దూరంలో ఆగాలి. ఎస్సై గారు వెంటనే ఒప్పుకున్నారు. ఆయన మంచివాడే. కాని సగం కారణం మంచితనం కాదు. కొండల్లో గొడవలు ముదిరి ఆయన కానిస్టేబుళ్ళలో ఎక్కువమందిని ఏజెన్సీకి పంపేశారు. మిగిలినవాళ్ళు స్టేషను కాపలాకే చాలరు.

అలా వచ్చే కబురును డాక్టరు గారు 'కాల్' అనేవారు. పోలమ్మ అనే మనిషి గురించిన కాల్ ఒక ఉదయం వచ్చింది. కానిస్టేబుల్ సింహాచలం సైకిలు దిగి, చెమట తుడుచుకుంటూ చెప్పాడు.

"జాలారిపేటలో ఒక ఆడమనిషి పిల్లోణ్ణెత్తుకుని నావలో కూకుందటండీ. దిగదట. ఎవరైనా దగ్గరికొస్తే సంద్రంలోకి నడిసిపోతానంటందట. బిడ్డను సంపేస్తాదని పేట పెద్ద వచ్చి రిపోర్టు ఇచ్చినాడు. మీరెల్లాలని ఎస్సై గారు సెప్పమన్నారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నిన్న పొద్దు తిరిగిన కాణ్ణించి."

ఈ కథ ఇప్పుడు చెప్పేవాళ్ళు పోలమ్మ ఏడు రోజులు కూర్చుందంటారు. ఏడు కాదు. ఒక సాయంత్రం, ఒక రాత్రి, మర్నాడు మధ్యాహ్నం దాకా. అదే తక్కువేం కాదు. ఒళ్ళోని బిడ్డకు ఎనిమిదో నెల.

నేను వెళ్ళకపోతే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. పోలీసులు ఆమెను దింపి స్టేషనుకు తీసుకెళ్తారు. అక్కడి నుంచి శ్రీకాకుళంలో మేజిస్ట్రేటు ముందుకు. ఆయన 'రిసెప్షన్ ఆర్డర్' ఇస్తారు. అంటే ఈ మనిషిని మానసిక వైద్యశాలలో చేర్చుకోండి అని కోర్టు ఇచ్చే ఉత్తర్వు. చంటిబిడ్డను లోపలికి రానివ్వరు. ట్రైనింగులో ఉండగా అలా వచ్చిన ఆడవాళ్ళను చూశాను. జబ్బు తగ్గి ఏళ్ళయినా తీసుకెళ్ళడానికి ఎవరూ రాక, గోడ వారన వరసగా కూర్చునేవారు.

పేటకు అంతకు ముందు నేను వెళ్ళింది టీకాలకు ఒక్కసారే. ఒడ్డున ముప్పై దాకా ఇళ్ళు. నావలన్నీ ఇసకలో వరసగా పెట్టి ఉన్నాయి. సముద్రం ప్రశాంతంగా ఉంది, గాలి అనుకూలంగా ఉంది, అయినా ఒక్క నావా నీట్లో లేదు. నేను అది చూశాను గాని, ఎందుకని అడగలేదు.

నీటి అంచున ఉన్న చివరి నావలో ఆమె తల కనిపిస్తోంది. నేను మామూలు నడకతో అటు వెళ్ళాను. సగం దూరం వెళ్ళానో లేదో, ఆమె లేచి, బిడ్డను భుజాన వేసుకుని నావ అవతలి వైపు దూకింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి నన్నే చూస్తోంది. నేను ఆగిపోయాను. వెనక నుంచి ఒక ముసలామె నా చెయ్యి పట్టుకు లాగింది.

"ఓలమ్మా, తెల్లకోక కట్టుకుని దాని మీదకి ఎల్తావేటి? గాజులు తియ్యడానికి వచ్చినావనుకుంటాది."

ఆ ముసలామె నీలమ్మ, పోలమ్మ అత్తగారు. విషయం ఆమే చెప్పింది. నాలుగు రోజుల కిందట ఆమె కొడుకు ఎర్రయ్య ఇంకో ఇద్దరితో వాళ్ళ తెప్ప మీద వేటకు వెళ్ళాడు. వంశధార సముద్రంలో కలిసే చోట తెప్ప తిరగబడింది. ఇద్దరు ఈదుకొచ్చారు. ఎర్రయ్య రాలేదు, శవమూ రాలేదు. మొగుడు పోయినప్పుడు పేటలోని విధవరాళ్ళు తెల్లకోకలతో గుంపుగా వచ్చి, అతని పెళ్ళాన్ని నీటి ఒడ్డుకు తీసుకెళ్ళి గాజులు పగలగొట్టి, తెల్లకోక పెడతారు. నిన్న సాయంత్రం దానికి వస్తుంటే పోలమ్మ బిడ్డతో వెళ్ళి మొగుడి నావ ఎక్కింది.

"నానూ దాని కాడికి ఎల్లలేకపోతన్నాను. నా ఒంటి మీదా ఇదే కదా," అని నీలమ్మ తన తెల్లకోక చెంగు పట్టుకు చూపించింది.

మా యూనిఫారం తెల్లచీర. ఖాకీని చూస్తే జనం జడుస్తారని నన్ను పంపారు. మా గజపతినగరం వైపు రైతు ఇళ్ళల్లో మొగుడు పోయినా రంగుకోకలే కట్టేవారు. తెల్లచీరను చూసి ఒక మనిషి సముద్రంలోకి దిగుతుందని నాకు గాని, డాక్టరు గారికి గాని తట్టలేదు.

పక్కింటి అప్పలమ్మను అడిగి ఆమె గళ్ళకోక కట్టుకున్నాను. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. కోక నిండా ఆ వాసనే. మళ్ళీ వెళ్ళి నావకు కొంచెం దూరంలో ఇసకలో కూర్చున్నాను. ట్రైనింగులో మాకు చెప్పిన మొదటి పాఠం, ఎదుటి మనిషి ఎంత ఎత్తులో ఉంటే దానికన్నా కింద కూర్చోమని. రెండోది, నీ చేతిలో లేనిది ఇస్తానని చెప్పొద్దని. పోలమ్మ కొంతసేపు నీళ్ళలోనే నిలబడి, తర్వాత నావ ఎక్కి కూర్చుంది. చివరికి ఆమే అడిగింది.

"ఎవులే నువ్వు? ఆ కోక అప్పలమ్మది కదా."

"అవును. అడిగి కట్టుకున్నాను. ఆసుపత్రి నుంచి వచ్చాను."

"ఎండుసేపల కంపుకి వాంతొస్తందా?"

"వస్తోంది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు అట్టే సేపు లేదు. "ముసిలోళ్ళు పంపినారా నిన్ను?"

"కాదు. ఎస్సై గారు."

నిజమే చెప్పాను. అబద్ధం చెప్పి దింపితే ఆ తర్వాత దేనికీ నమ్మరు.

"మరి పోలీసోళ్ళేరి?"

"రాలేదు. నువ్వు గుంటడిని చంపేస్తావని పెద్ద చెప్పాడట. అందుకని నన్ను చూసి రమ్మన్నారు."

"నా గుంటడిని నానేటి సేస్తానే? పిచ్చిదాన్నేటి?"

"పిచ్చే అంటున్నారు."

"అంటారు. ఆళ్ళ నావలు ఆగిపోనాయి కదా, అంటారు. నా మొగుడు సచ్చినాడని ఎవులు సూసినారు? ఇద్దరు ఈదుకొచ్చినారు. మూడోవోడు ఏ ఒడ్డున పడున్నాడో. ఉత్తరాన ఒడ్డి దేశం కొట్టుకుపోయినోళ్ళు పది దినాలకి నడిసి రానేదేటి? నాను గాజులు తీసేసుకున్నాక ఆడొస్తే, ఏ మొకంతో ఎదురెల్తాను?"

మేం చేసేదాన్ని 'అబ్జర్వేషన్' అంటారు. మాట తీరు, చూపు, చేతులు, నిద్ర, తిండి, పక్కనున్నవాళ్ళ మీద ధ్యాస, అన్నీ గమనించడం. పోలమ్మ మాటలో ఎక్కడా తెగిపోవడం లేదు. మాట్లాడుతూనే బిడ్డ తల మీద ఎండ పడకుండా చెంగు సర్దుతోంది. నాకు జబ్బేమీ కనపడలేదు. కాని బిడ్డ రొమ్ము పట్టుకుని వదిలేసి ఏడుస్తున్నాడు. పాలు లేవు.

"అంబలి తెప్పిస్తాను. తాగుతావా? నీ కోసం కాదు, వాడి కోసం."

"తెల్లకోకోళ్ళ సేత వొద్దు."

అప్పలమ్మ చోడంబలి ముంతతో తెచ్చి నావ అంచు మీద పెట్టింది. పోలమ్మ మొత్తం తాగింది.

నేను లేచి పేట పెద్ద దగ్గరికి వెళ్ళాను. దానయ్య అనే ఆయన, అరవై దాటినవాడు. ఆయనను దుర్మార్గుడనుకుని వెళ్ళాను. కాదు.

"అమ్మగోరూ, మాకు దయ నేదనుకోకు. ఒకడి గతి తేలేదాకా నావ నీట్లో పెట్టకూడదు మాకు. ముప్పై కొంపల్లో పొయ్యి ఎలగనేదు. దాని ఒక్క గుంటడేనా, మిగతా గుంటలు పిల్లలు కారేటి?"

"తేలడం అంటే ఏమిటి?"

"కర్మ అయిపోవాల. పెళ్ళానికి తెల్లకోక పెట్టాల."

అప్పుడు నీలమ్మ ముందుకొచ్చింది.

"కర్మ నా కొడుక్కి కదా. గడ్డిబొమ్మ సేసి సంద్రంలో నాను ఒగ్గేస్తాను. కన్నదాన్ని. దాని గాజుల జోలికెందుకు? శవం దొరికిన్నాడు సూసుకుందాం."

"ఆడది కర్మ సెయ్యడమేటే?"

"నీ నావలు కదలాలా, వొద్దా? అది సెప్పు మావా."

దానయ్య పక్కవాళ్ళ వైపు చూశాడు. ఎవరూ కాదనలేదు. ఆకలి అందరికీ ఉంది. సరే కానిమ్మన్నాడు.

నేను తిరిగి వచ్చి పోలమ్మకు చెప్పాను. శవం కనపడేదాకా గాజుల మీద ఎవరూ చెయ్యి వెయ్యరని, పెద్ద నలుగురి ముందు ఒప్పుకున్నాడని.

"కనపడితే?"

"కనపడిన రోజు నేను వస్తాను."

ఆమె బిడ్డను ముందు నా చేతికిచ్చి తర్వాత తను దిగింది. సాయంత్రానికి గడ్డిబొమ్మను నీట్లో వదిలారు. మర్నాడు నావలు వెళ్ళాయి. డాక్టరు గారు చాలా సంతోషించారు. ఎస్సై గారు పోలీసు అడుగు పెట్టకుండా పని జరిగిందని మరో రెండు స్టేషన్లలో చెప్పుకున్నారట. నేనూ సంతోషించాను. మూడోరోజు వెళ్ళి చూశాను. పాలు పడ్డాయి. పోలమ్మ చేపలు ఆరబెడుతోంది, చేతులకు ఎర్రగాజులు ఉన్నాయి.

ఆ తర్వాత వారం మశూచి టీకాల కోసం నన్ను లోపలి ఊళ్ళకు వేశారు. నేను అక్కడ ఉండగా ఎర్రయ్య శవం ఉత్తరాన ఒక ఇసకదిబ్బ మీదికి కొట్టుకొచ్చింది. అక్కడి స్టేషను నుంచి మా స్టేషనుకు కబురొచ్చింది. శవాన్ని గుర్తుపట్టడం పోలీసు పని. ఎస్సై గారు మామూలుగానే సింహాచలాన్ని పంపారు. డాక్టరు గారు, ఎస్సై గారు, నేను, ముగ్గురం కూర్చుని, వేటికి పోలీసు వెళ్ళకూడదో అనుకున్నప్పుడు తలుపు వేసుకున్నవాళ్ళు, బావి గట్టున కూర్చున్నవాళ్ళు, అన్నం మానేసినవాళ్ళు, అందరూ గుర్తొచ్చారు. చావు కబురు ఎవరు చెప్పాలన్నది ఎవరికీ గుర్తు రాలేదు. చావు కబురు కాల్ కాదు.

సింహాచలం మెత్తని మనిషి. ఇద్దరు ఆడపిల్లల తండ్రి. ఆయన ఏమీ కఠినంగా మాట్లాడలేదు. అక్కడున్నవాళ్ళందరూ నాకు ఒకే రకంగా చెప్పారు. చేపలు ఆరబెట్టే చోట, పదిమంది ముందు, సైకిలు పట్టుకునే అడిగాడట.

"పోలమ్మంటే నువ్వేనా? నీ మొగుడి శవం దొరికినాదమ్మా. మొలతాడూ తాయెత్తూ ఉన్నాయట. రేపు పొద్దున్న వచ్చి గుర్తుపట్టాల."

"అలాగే బాబు," అందట ఆమె. ఆయన దాహమంటే తనే చెంబుతో నీళ్ళిచ్చింది. ఆయన తాగి, కృష్ణార్పణం అని, సైకిలు చైను ఊడితే బాగుచేసుకుంటూ అక్కడే కూర్చున్నాడు. పోలమ్మ ఇంట్లోకి వెళ్ళి బిడ్డకు పాలిచ్చి, నీలమ్మ ఒళ్ళో పడుకోబెట్టి బయటికొచ్చింది. ఒప్పందం ప్రకారం ఇక తెల్లకోకలు వస్తాయి. వస్తానన్న మనిషి రాలేదు. ఆమె ఆరబెట్టిన చేపల మధ్య నుంచి నడిచి సముద్రంలోకి వెళ్ళింది.

వలలు లాగుతున్నవాళ్ళు చూసి ఈది వెళ్ళి పట్టుకొచ్చారు. ప్రాణం ఉంది. కాని ఒడ్డున కానిస్టేబుల్ ఉన్నాడు. ఆ రోజుల్లో ఆత్మహత్యకు ప్రయత్నించడం నేరం. పేటవాళ్ళే చూసి ఉంటే మాట పొక్కకుండా పోయేది. యూనిఫారంలో ఉన్నవాడు కళ్ళారా చూశాక రాయకుండా ఉండలేడు. సింహాచలం తడిసిన బట్టలతో ఏడుస్తూ స్టేషనుకు వెళ్ళాడట. ఆయన కూడా నీళ్ళలోకి దిగి ఆమెను లాగాడు.

నేను వచ్చేసరికి పోలమ్మ శ్రీకాకుళంలో ఉంది. ఎస్సై గారు మా ఆరోగ్య కేంద్రానికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"మనం అనుకున్నవాటిలో అది లేదమ్మా," అన్నారు.

"లేదండీ," అన్నాను.

కేసు పెడితే జైలు. జబ్బు మనిషి అని రాస్తే రిసెప్షన్ ఆర్డర్. ఆయన రెండోది రాశారు. డాక్టరు గారు సంతకం పెట్టారు. ఇప్పుడు ఆమె నిజంగానే జబ్బు మనిషి. తినదు, కనురెప్ప వెయ్యదు, పిలిస్తే పలకదు. మేం తప్పించామనుకున్న దారి అదే, స్టేషను, మేజిస్ట్రేటు, రైలు. తీసుకెళ్ళడానికి ఆడమనిషి తోడు కావాలి. నేను వెళ్తానన్నాను.

ఆమదాలవలసలో రైలెక్కాం. మామూలు బట్టల్లో ఉన్న ఒక కానిస్టేబుల్ పక్క పెట్టెలో కూర్చున్నాడు. నేను నీలిరంగు చీర కట్టుకున్నాను. పోలమ్మ కిటికీ వైపు కూర్చుంది. రొమ్ములు పాలతో గడ్డకట్టి రవిక తడిసిపోయి ఉంది. తువ్వాలు అడ్డం పెట్టి పాలు పిండి తీశాను. విజయనగరం దాటాక మొదటిసారి మాట్లాడింది.

"వస్తానన్నావు."

"నాకు కబురు రాలేదమ్మా."

"నాకొచ్చినాది," అంది.



అడ్మిషను దగ్గర ఒక నియమం ఉంది. గాజు వస్తువేదీ రోగి ఒంటి మీద లోపలికి వెళ్ళకూడదు. ఎవరైనా కోసుకుంటారని. ట్రైనింగులో నేనే ఎంతోమందికి ఆ పని చేశాను. ఆయా రెండు చేతులూ చూసి, "ఇవి పగలగొట్టాలి, బిగుతుగా ఉన్నాయి," అంది. నేను సబ్బు అడిగాను. పోలమ్మ తనంతట తనే చేతులు చాపింది.

"పగలనీకు," అంది.

ఒక్కొక్కటీ తీశాను. ఎడమ చేతి బొటనవేలి కణుపు దగ్గర చర్మం కొంచెం లేచింది. ఒక్క గాజూ పగల్లేదు. రుమాల్లో మూట కట్టి నా దగ్గర పెట్టుకున్నాను. శవం కనపడేదాకా ఎవరూ చెయ్యి వెయ్యరని చెప్పినదాన్ని నేను. చెయ్యి వేసిందీ నేనే.

ఏడాది లోపు ఆమెకు నయమైంది. నేనూ నీలమ్మా వెళ్ళి తీసుకొచ్చాం. తీసుకెళ్ళడానికి ఎవరూ రానివాళ్ళు గోడ వారన అలాగే ఉన్నారు. పేటకు వచ్చేసరికి పిల్లవాడు నడుస్తున్నాడు. వాడు నీలమ్మను అమ్మా అంటున్నాడు. పోలమ్మ చెయ్యి చాపితే నీలమ్మ చెంగు వెనక దాక్కున్నాడు. "పోన్లే, అలవాటవుతాడు," అంది నీలమ్మ. కాని పెద్దయ్యాక కూడా వాడు నీలమ్మనే అమ్మా అనేవాడు, కన్నతల్లిని పేరు పెట్టి పిలిచేవాడు. గాజుల మూట ఇస్తే పోలమ్మ విప్పలేదు. తీసుకుని లోపల ఎక్కడో పెట్టింది. ఆమెకు ఎవరూ తెల్లకోక పెట్టలేదు. తనే కట్టుకుంది.

మా ఏర్పాటూ అట్టే కాలం నిలవలేదు. ఎస్సై గారికి బదిలీ అయింది. తర్వాత వచ్చినాయన, ఆసుపత్రి వాళ్ళకు పోలీసు పని ఎందుకన్నారు. 1970 నాటికి మళ్ళీ అన్నింటికీ ఖాకీయే వెళ్ళేది. ఒక్క పని మాత్రం నన్ను ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే అది ఎవరికీ ఇష్టం లేని పని. చావు కబురు. రైలు కింద పడ్డా, సముద్రంలో పోయినా, పాము కరిచినా, సింహాచలం ముందు నా దగ్గరికి వచ్చి చెప్పేవాడు. నేను రంగుచీర కట్టుకుని వెళ్ళేదాన్ని. ఆయన సైకిలుతో వీధి మలుపులో ఆగేవాడు. రిటైరయ్యేదాకా ఇద్దరం అలా వెళ్ళాం.

ఈ కేసు నుంచి నేను నేర్చుకున్నది పెద్ద సిద్ధాంతం కాదు. పోలీసు బదులు నర్సును పంపినంత మాత్రాన సరిపోదు. నావలోంచి దింపడం సులువైన పని, మేం దాన్నే పనంతా అనుకున్నాం. కబురు తెచ్చిన మనిషి సైకిలు దిగాలి. పదిమంది ముందు కాదు, ఇంట్లోకి వెళ్ళి కూర్చుని చెప్పాలి. నీళ్ళు వాళ్ళ చేత తెప్పించుకోకూడదు, తనే ఇవ్వాలి. చెప్పేశాక లేచి రాకూడదు. ఆ ఇంట్లో ఎవరో ఒకరు లేచి పొయ్యి వెలిగించేదాకా అక్కడే ఉండాలి. ఎవరూ లేవకపోతే తనే వెలిగించాలి.